నీటిమట్టం చెప్పని ఫోటో

పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీద పొద్దున్నే కెమెరా పట్టుకుని నిలబడేవాళ్ళకు వెలుగు ఎటు నుంచి వస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. తూర్పున సముద్రం, వెనక ఊరు. ఏ నెలలో తీసినా దూరాన నీటి అంచు అదే గీత. కొండ ఊసే లేని ఊరు కాబట్టి, ఇక్కడి తెలుగువాళ్ళు శ్రీశైలం వెళ్ళొచ్చి చూపించే ఫోటోల్లో మొదటి వరస ఎప్పుడూ డ్యామ్ గేట్లదే. పన్నెండు గేట్లూ ఎత్తినప్పుడు లేచే తుంపర నిజంగా చూసి తీరాల్సిందే. కానీ అసలు అందం డ్యామ్‌కి ఎగువనే ఉంది.

కృష్ణ నల్లమలను కోసుకుంటూ వచ్చిన లోయ అది. శ్రీశైలం దగ్గర ఎంత ఇరుకంటే, 512 మీటర్ల గోడ సరిపోయింది. దాని ఎత్తు మాత్రం 145 మీటర్లు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ గోడ వెనక లోయ నిండిపోయి, నీళ్ళు ప్రతి వాగులోకీ ఎదురెక్కాయి. హైదరాబాద్ దారిలో దోమలపెంట దగ్గరున్న ఆక్టోపస్ వ్యూ పాయింట్ నుంచి చూస్తే ఆ పాయలన్నీ అడవిలోకి చాపిన చేతుల్లా కనిపిస్తాయి. పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు పడవలో వెళ్తే అవే కొండలు రెండువైపులా నిట్టనిలువుగా లేస్తాయి. భూగర్భ శాస్త్రవేత్తలు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అని పిలిచే రాయి పొరలు పొరలుగా, దాదాపు అడ్డంగా పరుచుకుని ఉంటుంది. పక్క నుంచి ఎండ పడే వేళ ఆ పొరలు ఒక్కొక్కటిగా విడివడతాయి. ఫ్రేములో ఒక మూల పుట్టి వేసుకున్న జాలరి పడితే చాలు, కొండ ఎంతదో అప్పుడు తెలుస్తుంది.

ఆ ఫోటోలో ఇంకొకటి చూడాలి. చెట్ల వరసకూ నీటికీ మధ్య చెట్టూ చేమా లేని రాతి పట్టీ. చాలామంది దాన్ని క్రాప్ చేసేస్తారు. ఈ కాలమ్ రాసే మనిషి దృష్టిలో ఫోటోకి ప్రాణం అక్కడే ఉంది. జలాశయం నిండు మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. ఆ పట్టీ ఎంత వెడల్పుంటే రాయలసీమ కాలువలకూ, కరెంటుకూ, చెన్నైకి వెళ్ళే తెలుగుగంగకూ అంత నీరు దిగిపోయిందని లెక్క. 2009 అక్టోబరులో 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు నీరు ఆ 885నూ దాటింది. ఎగువన కర్నూలు మునిగింది. పూడిక మరో సంగతి. మొదట్లో 308 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 215 టీఎంసీల దగ్గర ఆగిపోతోంది.

మట్టం బాగా తగ్గిన వేసవిలో సంగమేశ్వరం బయటపడుతుంది. ఏడు నదులు కలిసే చోటని భక్తులు నమ్మే ఈ గుడి ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉంటుంది. నీరు తీయగానే పూజారులు బురద కడిగి, వేప కొయ్య శివలింగానికి మళ్ళీ పూజలు మొదలుపెడతారు. ఇన్నేళ్ళు నానినా ఆ కొయ్య నిలిచే ఉంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం మునిగిపోకుండా రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు.

ఊళ్ళను అలా విప్పి కట్టడం కుదరలేదు. వందకు పైగా గ్రామాలు, లక్షకు పైగా జనం. 1981లో ఇళ్ళు కూల్చి మరీ ఖాళీ చేయించారు. ఇంటికొక ఉద్యోగమన్న జీవో 98 కోసం తిరిగిన కుటుంబాలు కర్నూలు, పాలమూరు జిల్లాల్లో దశాబ్దాల పాటు కనిపించాయి. వ్యూ పాయింట్ నుంచి మెరిసే నీలం కింద ఉన్నవి వాళ్ళ పొలాలూ, కళ్ళాలూ.

సముద్రాన్ని తీసే చెయ్యి ఈ నీళ్ళను తీసేటప్పుడు ఒక్క అలవాటు చేసుకోవాలి. శ్రీశైలం నీటిమట్టం వానాకాలంలో రోజూ తెలుగు పత్రికల్లో వస్తుంది. ఫోటో కింద ఊరి పేరూ తేదీతో పాటు ఆ రోజు మట్టం ఎన్ని అడుగులో కూడా రాయండి. సంగమేశ్వరం వైపు వెళ్తే, అక్కడి పెద్దవాళ్ళను మునిగిన ఊళ్ళ పేర్లు అడిగి అవీ రాసుకోండి.