నిల్వ పొయ్యి మీదే మొదలవుతుంది

నిల్వ అనగానే ఇప్పుడు మనకు ఫ్రిజ్ గుర్తొస్తుంది. వండటం ఒక పని, దాచటం ఇంకో పని అనుకోవడం ఫ్రిజ్ వచ్చాక బాగా అలవాటైంది. పాతకాలపు వంటల్లో ఈ రెంటినీ విడదీయలేం. పదార్థంలో తడి ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్న లెక్క పొయ్యి మీదే తేలిపోయేది. దూరదేశాల వంటలు రెండు ఈ మాటకు గట్టి సాక్ష్యం. మొదటిది మొరాకోలో ఫెస్ నగరానికి పేరు తెచ్చిన బస్తిల్లా, పలుచని రేకుల మధ్య మాంసం పొదిగి కాల్చే గుండ్రటి పై. రెండోది ఫిలిప్పీన్స్‌లో మనీలాకు ఉత్తరాన, బులకాన్ ప్రావిన్స్‌లోని శాన్ మిగెల్ పట్టణపు పాస్తిల్యాస్, గేదెపాలతో చేసే వేలెడంత మిఠాయి.

బస్తిల్లా పెళ్లి విందుల్లో ముందుగా వడ్డించే వంటకం. పాతపద్ధతిలో పావురం పిల్లల మాంసం, ఇప్పుడు ఎక్కువగా కోడిమాంసం వాడతారు. ఉల్లిపాయ, కొత్తిమీర, పార్స్‌లీ, అల్లంపొడి, దాల్చినచెక్క, కుంకుమపువ్వు వేసి మెత్తగా ఉడికించి, మాంసాన్ని ఎముకల నుంచి విడదీస్తారు. అసలు నేర్పు ఆ తర్వాత మిగిలిన పులుసు దగ్గర బయటపడుతుంది. రుచంతా అందులోనే ఉంటుంది కాబట్టి పారబోయలేరు. అలాగని రేకుల మధ్య పోస్తే అడుగు మెత్తబడిపోతుంది. అందుకని దాన్ని చిక్కబడేదాకా మరిగించి, గిలకొట్టిన గుడ్లు పోసి, సన్నసెగ మీద ముద్ద ముద్దగా విరిగేదాకా కలుపుతారు. పులుసులోని రుచి గుడ్డులోకి ఇంకుతుంది, నీరు ఆవిరైపోతుంది. అప్పటికీ తడి ఊరితే వడకడతారు. మరో పొరగా వేయించి దంచిన బాదం, పంచదార, దాల్చినచెక్క, నారింజపూల నీరు వేస్తారు. ఆ బాదంపొడి రుచి ఇస్తూనే మిగిలిన తడిని పీల్చుకుంటుంది. ఇటీవలి కాలంలో ప్రచారంలోకి వచ్చిన చేపల, రొయ్యల బస్తిల్లాలో బాదం బదులు సన్న సేమియా కలుపుతారు. చేపలు, రొయ్యలు వదిలే నీటిని ఆ సేమియా పట్టి ఉంచుతుంది. దినుసులు మారినా తడిని ఆపే పొర మాత్రం అలాగే ఉంది.

ఇక వర్ఖా అనే ఆ రేకు సంగతి. గోధుమపిండి, ఉప్పు, నీరు కలిపి, సాగుడు వచ్చేదాకా చాలాసేపు మర్దించి నానబెడతారు. కుంపటి మీద బోర్లించిన పళ్లెం వేడెక్కాక, జారిపోయేటంత మెత్తటి ఆ ముద్దను చేత్తో పట్టుకుని పళ్లేనికి తాకించి లాగుతారు. తాకిన చోటల్లా పలుచని పొర అంటుకుంటుంది. ఒక్కో అచ్చు మీద ఇంకొకటి కాస్త ఎక్కేలా తాకిస్తూ పోతే పెద్ద రేకు తయారవుతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగినా ముద్ద వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీసే చేతిని చూసినవారికి ఈ ఒడుపు సులభంగా అర్థమవుతుంది. రేకు కాలేది ఒక వైపే, తిరగెయ్యరు. ఊడదీశాక ఎండిపోకుండా నూనె రాసి, దొంతరగా పేర్చి, గాలి తగలకుండా కప్పి ఉంచుతారు.

సూపర్ మార్కెట్‌లో ఫిలో రేకులు దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఫిలోతో చేసినదీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఫిలో పచ్చిపిండిని సాగదీసి చేసేది, వర్ఖా ఒకసారి సెగ తగిలినది. తడి కూరు మీద పచ్చి రేకు లోపలివైపు పిండి పిండిగా మిగిలిపోయే ప్రమాదం ఎక్కువ. పైగా ఫిలో త్వరగా ఎండి చిట్లుతుంది, వర్ఖా మడతపెట్టినా విరగదు. మొరాకోలో కూడా ప్రతి ఇంట్లోనూ వర్ఖా చెయ్యరు. అదే వృత్తిగా ఉన్న స్త్రీల దగ్గర కొనుక్కుంటారు. సంప్రదాయమంటే అన్నీ మన చేత్తోనే చేసుకోవడం కాదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

బస్తిల్లాను దాచాలంటే ఈ తర్కం వెంటే నడవాలి. కూరు పూర్తిగా చల్లారాకే రేకుల్లో పెట్టాలి, లేకపోతే ఆవిరి లోపలే నీరవుతుంది. అలాగని మాంసాన్ని, గుడ్డును 2 గంటలకు మించి బయట ఉంచకూడదు. వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లోకి చేర్చాలి. ఈ విషయంలో ఫ్రిజ్‌ను మించింది లేదు. కాల్చని బస్తిల్లాను గట్టిగా చుట్టి ఒక రోజు ఫ్రిజ్‌లో, ఇంకా ఎక్కువ రోజులకైతే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. గడ్డకట్టినదాన్ని కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టాలి. పైన చల్లే పంచదార, దాల్చినచెక్క పొడి కాల్చాకే. మిగిలినదాన్ని మైక్రోవేవ్‌లో పెడితే రేకు తోలులా సాగుతుంది. కాలిన రేకు కరకర మాత్రం ఏ పెట్టెలోనూ నిలవదు. అందుకే విడిభాగాలుగా దాచి, తినేముందు కాల్చడం ఈ వంటకానికి సరైన పద్ధతి.

పాస్తిల్యాస్‌కు ఉన్న సౌలభ్యం వేరు, అది పూర్తయ్యాకే నిల్వ ఉంటుంది. ఆవుపాలలో నీరు సుమారు 87 శాతం. అక్కడి కారబావు గేదె పాలలో నీరు అంతకన్నా తక్కువ, వెన్న దాదాపు రెట్టింపు. అందుకే తక్కువ సెగతో ఎక్కువ ముద్ద వస్తుంది. పాలు, పంచదార కలిపి, అడుగంటకుండా తిప్పుతూనే ఇగిరిస్తారు. ముద్ద అంచులను వదిలి గరిటె చుట్టూ చేరగానే దింపాలి. కాస్త ముందే దింపితే ఆ మిగులు తడి నాలుగు రోజుల్లో బూజుగా తేలుతుంది, ఆలస్యమైతే గట్టిపడుతుంది. చల్లారాక పంచదార చల్లిన బల్ల మీద పరిచి, కడ్డీలుగా కోసి, మళ్లీ పంచదారలో దొర్లించి కాగితంలో చుడతారు. పంచదార మరీ ఎక్కువని ఆరోగ్యం గురించి ఆలోచించేవారు అంటారు. నిజమే, కానీ మిగిలిన కొద్దిపాటి తడినీ సూక్ష్మజీవులకు అందకుండా కట్టేసేది ఆ పంచదారే. దాన్ని బాగా తగ్గిస్తే అది ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినేయాల్సిన వేరే మిఠాయి అవుతుంది. తియ్యదనం భయం ఉంటే ఒకటి తిని ఊరుకోవడం మేలు. శాన్ మిగెల్‌లో ఆ చుట్టు కాగితాన్నే కళ చేశారు. సన్నని రంగుకాగితంపై చిన్న కత్తెరతో పూలు, గుడిసెలు, శుభాకాంక్షలు కత్తిరిస్తారు. పబాలత్ అనే ఆ చుట్టుకు తోకలా వేలాడే జాలీ ఉంటుంది.

అసలు చిక్కు పాలపొడి దగ్గర వస్తుంది. పాలపొడిలో డబ్బాపాలు పోసి పిసికితే పొయ్యి వెలిగించకుండానే పాస్తిల్యాస్ చేయవచ్చు, అవి పాడవకుండా ఉంటాయి కూడా. మరి నష్టమేమిటి? నీటిని తీసే పని ఏదో దూరపు ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. పాలు ఇగిరేటప్పుడు వచ్చే కమ్మదనం పోయింది, గేదెలున్న ఊరి రైతుకు పాల గిరాకీ పోయింది. కారబావు ప్రధానంగా దుక్కిపశువు, పాలు తక్కువిస్తుంది. పాడి పెంచేందుకే ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 1992లో చట్టం చేసి కారబావు కేంద్రాన్ని స్థాపించింది. మన దేశపు ముర్రా జాతితో అక్కడ సంకరం చేస్తున్నారు. ఆ పాలకు నిలకడైన ధర రావాలంటే నిజమైన పాలతో చేసిన మిఠాయిని అడిగి కొనేవారు ఉండాలి.

ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్య చదివే తెలుగు పిల్లలు సెలవులకు వస్తూ పాస్తిల్యాస్ తెస్తుంటే, కొనేముందు పెట్టె మీద దినుసుల వరస ఒకసారి చదవమని చెప్పండి. కారబావు పాలు, పంచదార అన్న రెండు పేర్లే ఉంటే కొనమనండి. ఇంటికి వచ్చాక గాలి చొరని డబ్బాలో పెట్టి త్వరగా తినేయండి.