తేయాకులో ఆకు

మా అమ్మ రాసే కిరాణా చీటీలో కందిపప్పు, చింతపండు, కొబ్బరినూనె తర్వాత ‘టీ పొడి – పావుకిలో’ అని ఉండేది. ఆ పొడి ఏ ఊళ్లో పండింది, ఎప్పుడు పండింది అని మా ఇంట్లో ఎవరూ అడిగిన గుర్తు లేదు. మాటలో మాత్రం ఆకు ఉంది, తేయాకు అని. చైనాలో ఫుజియన్ తీరం వాళ్లు ఈ మొక్కను ‘తే’ అంటారు. ఆ మాట డచ్చివాళ్ల ఓడలెక్కి ఐరోపా చేరి ‘టీ’ అయింది. చైనాలో మిగతా చాలాచోట్ల ‘చా’. అది నేలదారిన నడిచి పర్షియా మీదుగా ‘చాయ్’ అయింది. గుంటూరు జిల్లా నుంచి నేను హైదరాబాదుకు కాపురానికి వచ్చినప్పుడు నాది టీ, మా అత్తమ్మది చాయ్. ఓడదారీ ఒంటెదారీ మా వంటింట్లో కలిశాయి. గిన్నెలో మరిగేది మాత్రం ఒకటే పొడి.

నేను మొదటిసారి ఆకును చూసింది నలభై దాటాక. మా ఆడపడుచు భర్తకు బ్యాంకు ఉద్యోగం, సిలిగురిలో మూడేళ్లు చేసి వచ్చారు. వస్తూ వందగ్రాముల డార్జిలింగ్ టీ పొట్లం తెచ్చిచ్చారు. విప్పితే ఎండిన గోరింటాకులా ఉంది, అక్కడక్కడ వెండి రంగు మొగ్గలు. ఇదేదో ఖరీదైనది కదా అని రెండు చెంచాలు ఎక్కువే వేసి, పాలు పోసి, అల్లం దంచి, మూడు పొంగులు రానిచ్చాను. అత్తమ్మ ఒక్క గుటక తాగి గ్లాసు కింద పెట్టింది. “గిదేం చాయ్ బిడ్డా, గిన్నె కడిగిన నీళ్ల లెక్కుంది” అంది. పొట్లం తెచ్చిన అన్నయ్యకు ఫోన్ చేస్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “మరిగించావా అమ్మా?” అన్నారు, ఎవరో పోయారని విన్నట్టు.

తప్పు ఆకుది కాదు, అత్తమ్మదీ కాదు. మనం రోజూ తాగే పొడి పాల కోసమే పుట్టింది. 1930లలో అస్సాంలో ఒక యంత్రం వచ్చింది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చీల్చి, ఉండలుగా చుట్టేస్తుంది. ఆ మూడు పనుల ఇంగ్లిషు పేర్ల మొదటి అక్షరాలే సీటీసీ. గింజల్లాంటి ఆ టీ నిమిషంలో రంగు దిగుతుంది, పాలకూ పంచదారకూ అల్లానికీ ఎదురు నిలుస్తుంది. ఆకు టీని వాడబెట్టి, మెల్లగా మెలితిప్పి, గాలికి రంగు మారనిచ్చి ఆరబెడతారు. దాన్ని పాలల్లో మరిగించడం వీణను పెళ్లి ఊరేగింపులో వాయించడమే. అలాగని ఆకు టీ తాగేవాళ్లు ఇరానీ చాయ్‌ని చిన్నచూపు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అవి రెండు వేర్వేరు పానీయాలు. ఉస్మానియా బిస్కెట్‌ను డార్జిలింగ్ టీలో ముంచి చూడండి, ఎవరికి ఎవరు తక్కువో తెలుస్తుంది.

కాచే పద్ధతికి పెద్ద సరంజామా అక్కర్లేదు. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి రెండు నిమిషాలు ఆగాలి. కప్పుకు రెండున్నర గ్రాములు, అంటే చిన్న చెంచాతో నిండుగా ఒకటి. మూత పెట్టి మూడు నిమిషాలు. వడకట్టి తాగడమే. అయిదు నిమిషాలు దాటితే వగరు నాలుకను పట్టుకుంటుంది. నేను మొదటి ఏడాదంతా స్టీలు గిన్నె, దాని మూత, పాత టీ జాలితోనే గడిపాను.

అసలు చిక్కు కొనడం దగ్గర వచ్చింది. ఒక పెద్ద మాల్‌లో అందమైన దుకాణం ఉంటే వెళ్లాను. గాజు సీసాల్లో రకరకాల టీలు, వాటి మీద పడేలా దీపాలు. “ఇది ఏ తోటది, ఎప్పటి కోత?” అని అడిగితే, “ప్రీమియం మేడమ్” అన్నాడు అబ్బాయి. ఆ ప్రీమియం ఇంటికి తెచ్చి కాస్తే ఎండుగడ్డి వాసన. వెలుతురూ గాలీ తగిలి ఎప్పుడో చచ్చిపోయిన ఆకు అది.

ఆ రోజు నా మీద నాకే కోపం వచ్చింది. మా నాన్న మిర్చి రైతు. మా ఊళ్లో ఆవకాయకు కారం పట్టించాలంటే ‘ఎండుమిర్చి ఇవ్వండి’ అని ఎవరూ అనరు. తేజ రకమా, మూడువందల ముప్పైనాలుగు రకమా, ఈ ఏటి కాయా, ఏసీ గోదాములో నిలవున్న సరుకా అని అడిగి, నాలుగు కాయలు విరిచి, గింజ చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని కొంటారు. మామిడిపండు దగ్గరా అంతే, ఏ ఊరి తోటదో చెప్పకపోతే బుట్ట దగ్గర కూర్చోరు. అదే మనిషి టీ దగ్గరకొచ్చేసరికి డబ్బా మీద బొమ్మ చూసి కొనేస్తాడు. నేనూ అంతే చేశాను.

అప్పటి నుంచి టీని మిర్చిలా కొంటున్నాను. అందుకు కొంత భాష నేర్చుకోవాల్సి వచ్చింది. పొట్లం మీద ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ అని కనిపిస్తే బెదరక్కర్లేదు. ఫైనెస్ట్ టిప్పీ గోల్డెన్ ఫ్లవరీ ఆరెంజ్ పీకో అని దాని విస్తరణ. ఆరెంజ్ అన్నా కమలాపండు వాసన ఉండదు. పీకో అంటే మా అత్తమ్మ చీర అంచు కుట్టించడం అనుకుంది. లేత చిగురు మీద ఉండే తెల్లటి నూగును బట్టి చైనా మాటలోంచి వచ్చిన పేరు అది. ఈ అక్షరాలు ఆకు ఎంత పెద్దదో, ఎన్ని మొగ్గలున్నాయో చెబుతాయి తప్ప రుచికి హామీ ఇవ్వవు. వాటికన్నా తోట పేరు, కోత నెల, సంవత్సరం నాకు ముఖ్యం. డార్జిలింగ్‌లో ఒక్కో తోట ఏడాది మొదట తయారుచేసిన సరుకుకు డీజే-1, తర్వాతిదానికి డీజే-2 అని వరస నంబర్లు వేస్తుంది. ఆ నంబరు అడిగితే మంచి కొట్టువాడి ముఖం వెలుగుతుంది. చెడ్డ కొట్టువాడు ప్రీమియం అంటాడు.

డార్జిలింగ్‌లో చలికాలం నిద్రపోయిన మొక్క ఫిబ్రవరి చివర చిగురిస్తుంది. ఏప్రిల్ దాకా కోసేది ఫస్ట్ ఫ్లష్. లేత పసుపు రంగు నీళ్లు, పచ్చి జామకాయ కొరికినప్పటి వాసన. చాలామంది దీనికే ఎగబడతారు. నా ఓటు మాత్రం మే, జూన్ నెలల రెండో కోతకు. దాని వాసనను మస్కటెల్ అంటారు. పాయసంలోకి ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లు ఎప్పుడైనా వాసన చూశారా? దాదాపు అదే.

ఆ వాసన ఎలా వస్తుందో చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. లేత ఆకు రసాన్ని ఒక చిన్న ఆకుపచ్చ పురుగు పీలుస్తుంది. ఆ గాయానికి మొక్క తనను కాచుకోవడానికి కొన్ని సువాసన పదార్థాలు తయారుచేస్తుంది. మస్కటెల్‌లో ఆ పురుగు వాటా పెద్దది. తైవాన్‌లో ఓరియంటల్ బ్యూటీ అనే టీకి కూడా ఇలాంటి కాటే ఆధారం. ఆ పురుగు ఎవరో కాదు, మన పత్తి చేలో పచ్చదోమకు దాయాది. ఆకుల అంచులు ఎర్రబడి ముడుచుకుంటే మా నాన్న చేలో నిలబడి తిట్టిన పచ్చదోమ! దాని కోసం ఎన్నిసార్లు మందు కొట్టించాడో, ఎంత అప్పు చేశాడో నాకు తెలుసు. దాని దాయాది కొరికిందని కొండమీద కిలోకు వేలల్లో ఎక్కువ ధర పలుకుతోంది. ఆయన ఉంటే ఈ సంగతి ఎలా చెప్పేదాన్నో.

అస్సాం ఆకు టీ వేరే మనిషి. హార్లిక్స్ సీసా మూత తీసిన వాసన, ముదురు రాగి రంగు. ఇది కాసిని పాలను ఓర్చుకుంటుంది, అందుకే పొడి నుంచి ఆకుకు మారేవాళ్లకు ముందు దీన్నే చెబుతాను. నీలగిరి టీ మన జేబుకు దగ్గర. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు గడ్డకట్టే రాత్రుల తర్వాత కోసిన ఆకును ఫ్రాస్ట్ టీ అని అమ్ముతారు. పూల వాసనతో చాలా తేలిగ్గా ఉంటుంది. కూనూరు వెళ్లినవాళ్లు ఊటీ చాక్లెట్లతో పాటు అదీ తెస్తే సంతోషిస్తాను. (మా చుట్టాలు ఈ వాక్యం చదవాలని మనవి.)

ఎక్కడ కొనాలంటే, డార్జిలింగ్ వెళ్తే లాడెన్‌లా రోడ్డులో 1931 నుంచి ఉన్న నాథ్‌ముల్స్ ఉంది. కోల్‌కతాలో దక్షిణాపణ్ దుకాణాల సముదాయంలో టీ టేస్టర్ డాలీ రాయ్ పెట్టిన చిన్న కొట్టు ఉంది. ఢిల్లీలో సుందర్ నగర్ మార్కెట్. అంతదూరం పోలేనివాళ్లకు ఇప్పుడు చాలా తోటలు నేరుగా కొరియర్‌లో పంపుతున్నాయి, నేనూ ఎక్కువగా అలాగే తెప్పించుకుంటాను. డార్జిలింగ్ పేరును నమ్మేముందు కొంచెం ఆగాలి. 2004లో మన దేశంలో భౌగోళిక గుర్తింపు మొదట పొందింది ఆ టీయే, గుర్తింపు ఉన్న తోటలు 87. పక్కనే నేపాల్‌లోని ఇలాం టీ కూడా అదే పేరుతో మార్కెట్లోకి వస్తుంటుంది. నిజానికి ఇలాం టీ బాగుంటుంది, దాని పేరుతోనే కొనుక్కుంటే తప్పేముంది? ఏడాది కూడా చూడాలి. 2017లో గూర్ఖాలాండ్ ఆందోళనతో జూన్ నుంచి 104 రోజులు కొండంతా బందైంది. ఆ ఏటి రెండో కోత చాలావరకు చెట్టు మీదే ముదిరిపోయింది.

ఎక్కడ కొన్నా మొదట యాభై గ్రాములే తీసుకోండి. ధర చూసి గుండె జారితే లెక్క కట్టండి. వంద గ్రాములు ఆరు వందలైతే నలభై కప్పులు, కప్పు పదిహేను రూపాయలు. మా వీధి చివర చాయ్ కూడా అంతే. ఆకు రెండోసారి నీళ్లకు కూడా పలుకుతుంది, ఆ తర్వాత మా గులాబీ కుండీకి పోతుంది.

కిందటేడు నేను ముచ్చటపడి తెప్పించుకున్న రెండో కోతను పోపుల పెట్టె పక్కన పెట్టాను. ఆకు చుట్టుపక్కల వాసనలన్నీ పీల్చుకుంటుందని చదివినదాన్నే. పది రోజుల తర్వాత మస్కటెల్‌లో ఇంగువ. పులిహోర తాగినట్టుంది.

ఈ ఏటి పొట్లం మొన్న మంగళవారం వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కొరియర్ పెట్టె విప్పి ఉంది. పొట్లం బట్టల బీరువాలో, స్టీలు డబ్బాలో. అత్తమ్మ అదేమీ ఎరగనట్టు టీవీ చూస్తోంది, చేతిలో మాత్రం పాల చాయే.