రఘునాథాభ్యుదయాలు: క్షీణయుగం అన్న మాటపై పునర్విచారణ

తళ్ళికోట యుద్ధం (1565) తరువాత విజయనగర రాజధాని మన పెనుకొండకు, ఆ తరువాత చంద్రగిరికి, వేలూరుకు మారింది. కేంద్రం బలహీనపడిన కొద్దీ తమిళదేశంలోని మధుర, తంజావూరు, జింజి నాయకులు బలపడ్డారు. తెలుగు కవిత్వం కూడా దక్షిణానికి తరలింది. వానను, చెరువును నమ్ముకున్న మెట్టసీమ కంటే కావేరి డెల్టా వరి పంట ఆస్థానాలను ఎక్కువగా పోషించగలిగింది.

సాహిత్య చరిత్రకారులు కొందరు ఈ కాలాన్ని ‘క్షీణయుగం’ అన్నారు. శృంగారం మితిమీరిందన్నది వారి ఆక్షేపణ. సామ్రాజ్యం క్షీణించింది కనుక సాహిత్యమూ క్షీణించిందన్న ఊహ దాని వెనుక ఉంది. తంజావూరు రఘునాథ నాయకునిపై వచ్చిన రెండు కావ్యాలతో ఈ ఊహను పరీక్షిద్దాం.

ఆస్థాన కవయిత్రి రామభద్రాంబ సంస్కృతంలో ‘రఘునాథాభ్యుదయం’ రచించింది. 1614లో వేంకటపతిరాయలు మరణించగా వారసత్వ యుద్ధం చెలరేగింది. బాలుడైన రామదేవరాయల పక్షాన రఘునాథుడు 1616లో తోపూరు వద్ద జగ్గరాయని ఓడించాడు. ఈ కావ్యంలో అతడు సామ్రాజ్యాన్ని నిలబెట్టే వీరుడు.

కుమారుడు విజయరాఘవ నాయకుడు తెలుగు ద్విపదలో రచించిన ‘రఘునాథనాయకాభ్యుదయం’ రాజు దినచర్యను వర్ణిస్తుంది. కొలువు, విందు, నాట్యం, శృంగారం ఇందులో ప్రధానం. దీనిని విలాస వర్ణన అని తోసిపుచ్చడం తేలిక. కానీ రాజు గొప్పతనం చక్రవర్తి సేవలో కాక, తన భోగంలో, త్యాగంలో ఉందని చెప్పడం కొత్త రాజనీతి. 1620లో డేనులతో ఒప్పందం చేసుకుని తరంగంబాడిలో వర్తకానికి అనుమతించిన రాజ్యం అది. ఆ స్వతంత్ర ధోరణికి ఈ ద్విపద అద్దం పడుతుంది.

అయితే రెండూ స్తుతి కావ్యాలే. ఆ భోగానికి శిస్తు కట్టిన తమిళ రైతు గొంతు వీటిలో వెదకినా దొరకదు. ఈ లోపాన్ని విమర్శకుడు దాటవేయరాదు.

ఈ చరిత్రను తెలుగువారి విజయగాథగా చదవడమూ పొరపాటే. 1673లో విజయరాఘవుని రాజ్యాన్ని కూల్చింది మధుర చొక్కనాథుడు. అతడూ తెలుగు నాయక వంశీయుడే. తరువాత వచ్చిన మరాఠా రాజు శాహజీ తెలుగులో యక్షగానాలు రచించాడు. తెలుగు రాజులు పోయినా ఆస్థానంలో తెలుగు నిలిచింది.

కనుక రాజ్య పతనాన్ని కొలబద్దగా చేసుకుని కావ్యాన్ని తూచరాదు. కావ్యం ఎవరి అధికారాన్ని, ఏ విధంగా సమర్థిస్తున్నదో ముందుగా పరిశీలించాలి.

స్వయం పరిశీలన: రెండు కావ్యాలలో రాజు ఆదర్శం ఎలా మారింది? కారణాలు చర్చించండి.