యూనిఫాంలో ఉండి విభేదించే విద్య

యుద్ధరంగంలో ఆజ్ఞ వచ్చాక చర్చకు తావుండదు, ఉండకూడదు కూడా. అయితే ఆ ఆజ్ఞ వెనకనున్న యుద్ధతంత్రాన్ని, శిక్షణ పద్ధతిని, ఆయుధాల ఎంపికను శాంతికాలంలోనే ఎవరో ఒకరు ప్రశ్నించాలి. ఆ పని క్రమశిక్షణ చెడకుండా జరగడానికి సైన్యాలు పందొమ్మిదో శతాబ్దంలో ఏర్పరచుకున్న చోటు వృత్తి పత్రిక. మన దేశంలో చార్లెస్ మెక్‌గ్రెగర్ అనే సైనికాధికారి 1870లో సిమ్లాలో యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. మరుసటి ఏడే దాని పత్రిక మొదలైంది, 1872లో బంగారు పతకం వ్యాసపోటీ వచ్చింది. మొదట్లో అది వలస పాలకుల సైన్యానికి చెందిన వేదిక. స్వాతంత్ర్యం తర్వాత ఢిల్లీకి మారి మన త్రివిధ దళాల అధికారులదయింది, నేటికీ నడుస్తోంది. ఆ పత్రికకు వ్యాసం పంపడాన్ని చాలామంది పదోన్నతికి పనికొచ్చే అలంకారంగా చూస్తారు. నా దృష్టిలో అది సైనికుడి వృత్తిధర్మంలో భాగం, ఆయుధ శిక్షణ ఎంత అవసరమో అదీ అంతే అవసరం.

ఈ రాతకు తనదైన పద్ధతి ఉంది. ఆ పద్ధతే చిన్న హోదాలో ఉన్న రచయితకు కవచం. వ్యాసం ఒక్క వాదాన్నే మోయాలి. అమల్లో ఉన్న విధానాన్ని విమర్శించే ముందు, దాన్ని సమర్థించేవారు సైతం ఒప్పుకునేంత న్యాయంగా వివరించాలి. అది ఒకప్పుడు ఎందుకు సరైనదో చెప్పి, ఆ తర్వాత ఏ పరిస్థితి మారిందో చూపాలి. అలా రాస్తే తప్పు మనిషిది కాకుండా మారిన కాలానిది అవుతుంది, పైఅధికారి నొచ్చుకోకుండా వాదాన్ని వినగలుగుతాడు. ప్రతిపాదన కూడా ఆచరణకు అందేలా ఉండాలి: ఎవరు చేయాలి, ఎంత ఖర్చవుతుంది, దానికోసం దేన్ని వదులుకోవాలి. ఆ చివరి ప్రశ్నను తప్పించుకునే వ్యాసాలే ఎక్కువ, వాటికి విలువా తక్కువే. సాక్ష్యాలన్నీ బహిరంగంగా దొరికే ఆధారాల నుంచే తీసుకోవాలి. తన యూనిట్ ఎక్కడుందో, ఏ సామగ్రి కొరవడిందో రాయకూడదు. ఇక్కడే పాత యుద్ధాలు అక్కరకొస్తాయి. ట్యాంకులూ పదాతిదళమూ కలిసి శిక్షణ పొందడం చాలడం లేదని ఒక మేజర్‌కు అనిపించిందనుకుందాం. తన బ్రిగేడ్ సంగతి ఎత్తకుండానే ఆయన 1973 అక్టోబర్‌లో సూయెజ్ కాలువ దగ్గర జరిగినదాన్ని విశ్లేషించవచ్చు. పదాతిదళం తోడు సరిగా లేకుండా ఎదురుదాడికి దిగిన ఇజ్రాయెల్ ట్యాంకులు ఈజిప్టు సైనికుల చేతుల్లోని క్షిపణులకు బలయ్యాయి. చదివేవారికి విషయం అర్థమవుతుంది, రహస్యమేదీ బయటపడదు. సైనిక చరిత్ర చదవడానికి ఇంతకన్న గట్టి కారణం నాకు కనిపించదు.

ఈ పద్ధతి హోదాను పక్కనపెట్టి వాదాన్ని తూస్తుంది. 1873లో అన్నాపొలిస్‌లో పదిహేనుమంది అధికారులు కలిసి అమెరికా నౌకాదళ సంస్థను స్థాపించారు, మరుసటి ఏడాది నుంచి పత్రిక వెలువడింది. దాని వ్యాసపోటీలో నౌకాదళ విద్య మీద రాసిన ఒక అధికారికి మూడో బహుమతి దక్కింది, 1879లో ఆ వ్యాసం అచ్చయింది. ఆయన ఆల్‌ఫ్రెడ్ మహాన్. సముద్రాధిపత్యం గురించి 1890లో ఆయన వెలువరించిన గ్రంథాన్ని ప్రపంచ నౌకాదళాలన్నీ చదివాయి. మూడో బహుమతి వ్యాసంలోనే ఆ గ్రంథమంతా ఉందని కాదు. అయితే వాదాన్ని నిర్మించడం, అపరిచిత పాఠకుడి ముందు దానికి జవాబుదారీ కావడం అక్కడే మొదలయ్యాయి.

అనుమతి లేనిదే రాయకూడదన్నప్పుడు ఇదంతా వట్టిమాట కదా అని అడగవచ్చు. 1950 ఆర్మీ చట్టం 21వ సెక్షన్, దాని కింద వచ్చిన 1954 నియమాలు సైనికుడి ప్రచురణ స్వేచ్ఛకు హద్దులు గీశాయి. రహస్యాల రక్షణకు హద్దు ఉండాల్సిందే. చిక్కల్లా ఆ అనుమతిని అభిప్రాయాల జల్లెడగా వాడినప్పుడు వస్తుంది. ఉదాహరణకు, 1920లో ఐసెన్‌హోవర్ అనే సైనికాధికారి అమెరికా పదాతిదళ పత్రికలో ట్యాంకుల భవిష్యత్తు గురించి వ్యాసం రాశారు. ఆయన మిత్రుడు ప్యాటన్ కూడా అదే ఏడు అదే పత్రికలో రాశారు. ట్యాంకు పదాతిదళం నడక వేగంతో సాగాలన్నది అప్పటి అధికారిక విధానం, ఆ వ్యాసాలు దాన్ని కాదన్నాయి. పదాతిదళ అధిపతి ఐసెన్‌హోవర్‌ను పిలిపించి, ఈ భావాలు తప్పే కాదు ప్రమాదకరం కూడా అని మందలించారు, మళ్లీ ఇలాంటివి రాస్తే కోర్టు మార్షల్ తప్పదని హెచ్చరించారు. ఈ సంగతి ఐసెన్‌హోవరే తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. అమెరికా తన ప్రత్యేక కవచదళాన్ని 1940 జూలైలో, జర్మన్ ట్యాంకులు ఫ్రాన్స్‌ను కూల్చాక గానీ ఏర్పరచుకోలేదు. ఈ ఇరవై ఏళ్ల ఆలస్యానికి ఒక్క మందలింపే కారణమనడం అన్యాయం, నిధుల కొరత కూడా ఉంది. కానీ జరగాల్సిన చర్చ జరగకపోవడంలో ఆ మందలింపు పాత్ర చిన్నది కాదు. ఆ వ్యాసంలో రహస్యమేమీ లేదు, అధికారికి నచ్చని ఆలోచన ఒక్కటే ఉంది.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది: పత్రికల్లో వచ్చిన కొత్త ఆలోచనల్లో చాలావరకు తప్పులే. నిజమే. బ్రిటన్‌లో ఇలాంటి వ్యాసపోటీలోనే 1919 బంగారు పతకం గెలిచిన ఫుల్లర్ అనే సైనికాధికారి యాంత్రిక యుద్ధాన్ని చాలామందికన్న ముందే ఊహించారు, కానీ పదాతిదళం ప్రాధాన్యాన్ని మరీ తక్కువగా అంచనా వేశారు. పైన చెప్పిన 1973 ఉదంతం ఆ అంచనాకు దొరికిన జవాబుల్లో ఒకటి. అయితే తప్పు అచ్చులో ఉంటేనే మరొకరు దాన్ని పట్టుకోగలరు, ప్రత్యుత్తరం రాయగలరు. మెస్‌లో నలుగురి మధ్య అన్న మాటకు ఆ పరీక్ష ఉండదు. బదిలీ మీద ఆ నలుగురూ వెళ్లిపోతే మాట కూడా పోతుంది. పదోన్నతి కోసం రాసే నీరస వ్యాసాలు ఉన్న మాట కూడా వాస్తవమే. వాటిని ఏరి పక్కనపెట్టడానికే సంపాదకుడు, సమీక్షకుడు ఉన్నారు.

కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి సైన్యంలో చేరినవారు, సికింద్రాబాద్ కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో చదివి వెళ్లిన సీనియర్ అధికారులు ఈ వ్యాసం చదవవచ్చు. యువ అధికారులకు నా మనవి, మీకు తెలిసినదాన్ని రాయండి. కమాండింగ్ అధికారులకు నా మనవి ఇంకా సూటిగా ఉంటుంది: ఒక కెప్టెన్ వ్యాసం అనుమతి కోసం మీ బల్ల మీదికి వచ్చినప్పుడు అందులో రహస్యం ఉందా అన్నదొక్కటే చూడండి. లేకపోతే, మీకు అది నచ్చకపోయినా, సంతకం పెట్టి పంపండి.