అభ్యంతరములతో కలిసి అచ్చయిన గ్రంథము: డెకార్ట్ ‘ధ్యానములు’ – ఒక పరిశీలన

ఆధునిక ఐరోపా తత్వశాస్త్రపు తొలి దశను గూర్చిన సదస్సులలో రెనే డెకార్ట్‌ను ఏకాంత చింతకునిగా పరిచయము చేయుట పరిపాటి. సమస్తమును సందేహించి, తన ఉనికిని మాత్రము నిశ్చయించుకొనిన ఒంటరి మనిషి చిత్రమది. అది అబద్ధము కాదు గాని అసంపూర్ణమని మేము భావించుచున్నాము.

1641లో పారిస్ నగరమున వెలువడిన ఆయన లాటిన్ గ్రంథము ‘ప్రథమ తత్వశాస్త్ర ధ్యానములు’ ఒంటరిగా రాలేదు. ఆరు విడతల అభ్యంతరములు, వాటికి ఆయన ప్రత్యుత్తరములు అదే సంపుటిలో అచ్చయినవి. ధ్యానముల కంటె ఈ భాగమే చాల పెద్దది. ఒక విధముగా ఇది ముద్రిత సదస్సు.

ఈ సదస్సులో పాల్గొన్నవారెవరు? మొదటి అభ్యంతరములు హాలెండు దేశపు కథోలిక గురువు కాటెరస్ వ్రాసెను. వ్రాతప్రతిని పారిస్ పండితులకు అందజేసినది మెర్సెన్ అను సన్యాసి. ఆంగ్ల తత్వవేత్త హాబ్స్, గురువైన గసెండి, యువ వేదాంతి ఆర్నో స్పందించిరి. 1642 నాటి రెండవ ముద్రణలో జెస్విట్ సభ్యుడు బుర్డిన్ అభ్యంతరములు చేరినవి. కాబట్టి నవీన తత్వశాస్త్రము వేదాంతమునకు వీడ్కోలు చెప్పి బయలుదేరెనను మాట ఈ గ్రంథము విషయములో నిలువదు.

ఆర్నో ప్రశ్నను చూడుడి. మనము స్పష్టముగా గ్రహించునది సత్యమనుటకు దేవుడే ఆధారమని డెకార్ట్ చెప్పెను. అయితే దేవుడున్నాడని తెలియుట కూడ అట్టి స్పష్టమైన గ్రహింపు వలననే గదా! ఇది చక్రము కాదా? ప్రస్తుతము గ్రహించుచున్న దానికి గాక, పూర్వము గ్రహించినట్లు జ్ఞాపకమున్న దానికే ఆ హామీ అవసరమని డెకార్ట్ బదులిచ్చెను. ఈ జవాబు చాలునా అనునది నేటికిని వివాదమే. ఆ వివాదము సజీవముగా ఉండుటకు కారణము ప్రశ్న గ్రంథములోనే నిలిచియుండుటయే.

లోపములు లేకపోలేదు. ప్రతి వాదములో చివరి మాట గ్రంథకర్తదే. గసెండి ఆయనను ‘మనస్సు’ అని సంబోధించగా, డెకార్ట్ ఆయనను ‘మాంసము’ అని ఎత్తిపొడిచెను. తృప్తి చెందని గసెండి తన మారు వాదమును 1644లో వేరుగా ప్రచురించవలసి వచ్చెను. శరీరము లేని ఆత్మ శరీరమును ఎట్లు కదిలించును అని 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ సూటిగా అడిగెను. ఆ ప్రశ్న ఉత్తరములకే పరిమితమాయెను. డెకార్ట్ మరణానంతరము తన లేఖల ప్రచురణకు ఆమె సమ్మతించలేదు. అవి 1879లో గాని వెలుగు చూడలేదు.

1663లో రోము సంఘము డెకార్ట్ గ్రంథములను, సవరించబడువరకు, నిషిద్ధ పట్టికలో చేర్చెను. ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. 1641లో ఆర్నో వంటి వేదాంతి అభ్యంతరము చెప్పి వాదమును పదునుపెట్టెను. 1663 నాటి నిషేధము దేనికిని జవాబు కాలేదు. వేదాంత విద్యార్థులమైన మనకు ఇందులో నిర్ణయించుకొనవలసినది ఉన్నది. పత్రము చదువబడి, కరతాళధ్వనులతో ముగియు సదస్సు కంటె, అభ్యంతరములతో సహా అచ్చగు సదస్సే సత్యమునకు ఎక్కువ సేవ చేయును. అట్టి సంపుటిలో ప్రశ్నించినవారికి మరల ఒక మాట చెప్పు అవకాశమును, పిలువబడనివారికి చోటును కల్పించినయెడల, 1641 నాటి మాదిరిని మనము అనుసరించుటయే గాక సరిదిద్దినవారమగుదుము.