పల్నాటి తండాలలో నీటి పాఠము

"నీరు కాచి, చల్లార్చి త్రాగవలెను" అనునది ఆరోగ్య ప్రచారమున అందరికి కంఠతా వచ్చిన మాట. కలరా, టైఫాయిడు వంటి వ్యాధుల విషయమున అది శిరోధార్యము. కాని పల్నాడులో బొల్లాపల్లి, వినుకొండ ప్రాంతపు సుగాలీ తండాలలో ఇదొక్కటే చెప్పి ఊరకుండుట బోధన అనిపించుకొనదు. అక్కడి బోరునీటిలో భయపడవలసినది క్రిమికి మాత్రమే కాదు, ఫ్లోరైడుకు కూడ.

గ్రానైటు రాళ్లలోని నల్ల అభ్రకము, ఎపటైటు, ఫ్లోరైటు వంటి ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలోనికి దిగును. మరిగించినంతమాత్రమున అది ఆవిరియై పోదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీరు పది లీటర్లు కాగి తొమ్మిది లీటర్లు మిగిలినచో, లెక్క ప్రకారము గాఢత 3.3కు పెరుగును. భారతీయ ప్రమాణము కోరునది 1. వేరు నీరు దొరకని చోట 1.5 వరకు సహించును.

షార్ట్, అతని సహచరులు 1937లోనే నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఈ వ్యాధిని వర్ణించిరి. పల్నాటికి ఆ సీమ దూరము కాదు. ఇంతకాలమైన తరువాతకూడ గోడపత్రికనే నమ్ముకొన్న ప్రచారము తండాలో ఎవరికి చేరును? ఇంట మాటాడునది లంబాడీ. దానికి సొంత లిపి లేదు. నీరు మోసి తెచ్చు తల్లికి "దంత ఫ్లోరోసిస్" అను పుస్తకపు మాటతో పని లేదు. జిర్కోనియం-అలిజరిన్ ద్రావకమును తండా బోరునీటిలోను, కృష్ణా కాలువ నీటిలోను వేసి చూపినచో, ఫ్లోరైడు ఎక్కువైన చోట ఎరుపు విరిగి పసుపుగా మారుట ఆమె కంటికే తెలియును. లంబాడీ తెలిసిన ఉన్నత పాఠశాల విద్యార్థి ఆ పని చేయగలడు.

ఈ పాఠము ఆలస్యముగా మొదలగుట మరియొక లోపము. ముందుపండ్ల పింగాణి దాదాపు ఎనిమిదేండ్లలోపే ఏర్పడిపోవును. పడిన మచ్చ తరువాత మంచినీటితో పోదు. ఎముకల విషయమున మాత్రము అప్పటికిని జాగ్రత్తకు వ్యవధి కలదు.

ఇక నాగపూరు పరిశోధన సంస్థ 1975లో రూపొందించిన నల్లగొండ పద్ధతి ఉన్నదిగదా అందురు. పటిక, సున్నము కలిపి తేర్చుట వినుటకు సులభమే. మడ్డి తేరుటకు చిటికెడు పటిక చాలును. ఫ్లోరైడుకు అది చాలదు. మోతాదు నీటి క్షారతనుబట్టి మారును, ఎక్కువైనచో అల్యూమినియం నీటిలో మిగులును. పరీక్షించి కొలత చెప్పువారు లేక ఈ భారమును గృహిణిపై మోపుట ఆరోగ్యబోధన కాదు. కాలువ నీరు గొట్టముద్వారా తండాకు వచ్చువరకు, ఆ కొలత చెప్పవలసినది నీటిని సరఫరా చేయువారే.