రంగుకు ముందటి పనితనం

మోటార్‌సైకిల్ అల్లాయ్ చక్రానికి పౌడర్ కోటింగ్ తెచ్చిన మెరుపును అందరూ మెచ్చుకుంటారు. నా మెప్పు దానికి ముందు చెమటోడ్చిన చేతులకు.

టైరు, వాల్వు, బేరింగులు, బ్రేక్ డిస్కు అన్నీ విప్పుతారు. పాత పెయింటు తీసేసి, బ్లాస్టింగ్‌తో లోహాన్ని సన్నగా గరుకు చేస్తారు; పొడి పట్టుకునేది ఆ గరుకునే. దాగిన పగుళ్లు బయటపడేదీ అప్పుడే. పగిలిన చక్రాన్ని రంగు కింద దాచకుండా పక్కన పెట్టడం ఈ వృత్తి ధర్మం.

పోత అల్యూమినియం సూక్ష్మ రంధ్రాల్లో గాలి, నూనె దాక్కుంటాయి. ముందే ఓవెన్‌లో వేడిచేసి వాటిని వెళ్లగొట్టాలి. లేదంటే సుమారు 200 డిగ్రీల దగ్గర పొడి కరిగి గట్టిపడేటప్పుడు పూత బుడగలెత్తుతుంది. బేరింగ్ గూళ్లను వేడికి తట్టుకునే సిలికాన్ బిరడాలతో మూస్తారు. అక్కడ పూత పడితే బేరింగ్ సరిగా కూర్చోదు.

ఏళ్లతరబడి పెచ్చు లేవని పూతలో సగం ఘనత ఈ ఓపికదే.